వ్లాస్తా దారి తప్పి ఉండాలి

చీకటి పడేలోపు చేయవలసినవి:

వ్లాస్తా తెల్ల చొక్కా ఇస్త్రీ చేయాలి.
హాస్టల్లో పక్కగది అమ్మాయిని అడిగి నల్లబూట్లు తేవాలి. వ్లాస్తావి మడమ ఊడిపోయాయి.
పొడుగు రొట్టెలు కొనాలి, నిన్నటివి కాదు.
హ్యామ్, గుడ్లు, ఊరవేసిన దోసకాయలు.
పరీక్షాధికారులకు కాఫీ, మంచినీళ్ల సీసాలు, కాగితపు రుమాళ్లు.
వ్లాస్తాను అన్ని పాఠాల్లోనూ ఒకసారి ప్రశ్నలు అడగాలి, నాచుమొక్కలు తప్ప. అవి ఆమే నాకు చెప్పగలదు.
బ్ర్నో స్టేషనులో మిలుషె పిన్ని దగ్గర సలాడు బకెట్టు అందుకోవాలి. పిన్ని ముందు నవ్వుతూ ఉండాలి.
ఓల్షీన్కాలో రైలు ఆపాలి.
ఆ రైల్లో వ్లాస్తా ఉండాలి.

ఈ చివరి మాట కాగితం మీద లేదు. రాయవలసి వస్తుందని అనుకోలేదు. మిగిలినవన్నీ టెల్చ్ ఊళ్లో, చౌకులోని రాతి అరుగు మీద కూర్చుని రాశాను, ఇప్పుడా కాగితం రెయిన్‌కోటు జేబులో మెత్తబడిపోయింది, గుడ్ల సిరా కారి హ్యామ్ మీదికి పోయింది. నేను జాబితాలు రాసే మనిషిని. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ రాయలేదు. మా నాన్న చేయవలసిన పనులు చెట్లు, అవి గొడ్డలికి ఎదురుగా నిలబడే ఉంటాయి, మా అమ్మ చేయవలసిన పనులు గుడ్లు, అవి కోళ్లఫారంలో బల్ల మీద దొర్లుకుంటూ తమంతట తామే వస్తాయి. చదువుకున్న దాని పనులు మాత్రం కంటికి కనిపించవు కాబట్టి రాసుకోవాలి. ఇప్పుడు నా పని ఒక్కటే, నిలబడి ఉండటం. ఓల్షీన్కాను స్టేషను అనడం కూడా ఎక్కువే. సిమెంటు పలకల వరస, మూడు గోడల చెక్క గుడిసె, నీలం రేకు మీద పేరు, చుట్టూ నడుమెత్తు దురదగొండి, వెనక ఒక ప్లమ్ చెట్టు, దాని కింద రాలిన పళ్ల పులిసిన వాసన. ఊరు కొండ అవతల ఎక్కడో. ఇక్కడ రైలు తనంతట తాను ఆగదు. డ్రైవరుకు పలకల మీద మనిషి కనిపిస్తే ఆగుతుంది, కనిపించకపోతే కొంచెం నెమ్మదించి, సర్లే అన్నట్టు సాగిపోతుంది. రైలుకింకా గంట ఉంది కదా, అప్పటిదాకా గుడిసెలో కూర్చోవచ్చు కదా అంటారు ఎవరైనా. నా చిన్నప్పుడు మా నాన్న కూడా ఇలాంటి స్టేషనులోనే, వాన పడుతుంటే, ఒక్క సిగరెట్టు కాల్చుకుంటానని గుడిసెలోకి వెళ్లాడు, మేమూ వెంట వెళ్లాం, రైలు మా ముందునుంచే వెళ్లిపోయింది, కిటికీలో ఒక ముసలావిడ మమ్మల్ని చూసి చెయ్యి కూడా ఊపింది. అందుకే బయటే ఉన్నాను. అదీగాక, ఇక్కడ నిలబడితే అడవిలోంచి వచ్చే రెండు దారులూ కనిపిస్తాయి. రెండింటిలోనూ ఎవరూ లేరు.

వ్లాస్తా దారి తప్పి ఉండాలి. ఈ మాట మొదట భయంతో అనుకున్నాను, ఇప్పుడు కోరుకుంటున్నాను. దారి తప్పిన మనిషి వెతుక్కుంటూనైనా వస్తుంది. రాకూడదని నిశ్చయించుకున్న మనిషికి దారి బాగానే తెలిసి ఉంటుంది. దేవుడా, అది దారే తప్పి ఉండాలి, మోకాలిదాకా బురదలో దిగి, నన్ను తిట్టుకుంటూ, ఏ చెరువు గట్టు మీదో తిరుగుతూ ఉండాలి. తప్పడానికి కారణం కూడా ఉంది, నేను ఊరికే అనడం లేదు. ఈ వారం దారి గుర్తులు వేసేవాళ్లు ఈ అడవికి వచ్చినట్టున్నారు. చెట్టు బెరడు గీకి, దుమ్ము తుడిచి, ముందు తెల్లరంగు పూస్తారు, అది ఆరాక నడుమ ఎరుపో పసుపో నీలమో ఒక చార గీస్తారు. తెలుపు పూసేసరికి వాన పట్టుకుని ఉంటుంది, డబ్బాలు మూసుకుని ఇళ్లకు పోయి ఉంటారు. మధ్యాహ్నం నుంచి నేను చూసిన చెట్లన్నిటి మీదా తెల్ల చదరాలే, నడుమ రంగు లేదు. నా దారి బండ్లు తిరిగే వెడల్పాటి దారి కాబట్టి సరిపోయింది. పొద్దున విడిపోయాక ఆమె పట్టిన దారి కొండ మీదుగా వచ్చే కాలిబాట. పసుపు దారీ నీలం దారీ విడిపోయే చోట రెండు వైపులా ఒట్టి తెలుపే ఉంటే ఎటు వెళ్లాలి? మాకు మ్యాపు విప్పే అలవాటు లేదు. నడక వచ్చినప్పటి నుంచి చెట్టు మీది రంగు చూసుకుంటూ నడిచినవాళ్లం, తాతలూ అలాగే నడిచారు, రంగు చెరిగిపోతే తూర్పేదో పడమరేదో కూడా తెలియదు. కాబట్టి తప్పి ఉండవచ్చు. ఉండవచ్చు ఏమిటి, తప్పే ఉంటుంది. ఫోను చేద్దామంటే ఆమె ఫోను నా సంచిలోనే ఉంది, పొద్దున ఆమే ఇచ్చింది, "నీ బ్యాటరీకి తగిలించవే, నాది చచ్చింది" అని. ఇప్పుడది నిండా ఛార్జింగుతో, నా వీపు మీద వెచ్చగా, ఎవరికీ పనికిరాకుండా ఉంది. ఇందాక అది రెండుసార్లు మోగింది, వ్లాస్తా వాళ్లమ్మ. మిలుషె పిన్ని. నేను తీయలేదు. ఏమని తీయను? తరవాత మెసేజి వచ్చింది, తెర మీద దానంతట అదే కనిపించింది, చదవకుండా ఉండలేకపోయాను: బకెట్టు మూత తాడుతో కట్టాను, బస్సెక్కాను, నాన్న నీకు ముద్దు పెట్టమన్నాడు.

బకెట్టు. మా దగ్గర ఆఖరి నోటిపరీక్షకు వెళ్లేవాళ్లే పరీక్షించేవాళ్లకు తిండి పెట్టాలి. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ అడగరు, పెట్టనివాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఏటవాలుగా కోసిన తెల్లరొట్టె ముక్క, దాని మీద బంగాళదుంపల సలాడు, దాని మీద మడిచిన హ్యామ్, సగం గుడ్డు, విసనకర్రలా కోసి పరిచిన దోసకాయ. పళ్లెం నిండా పేర్చి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, అప్పుడు వెళ్లి మన ప్రశ్న చీటీ మనం తీసుకోవాలి. ఆ సలాడు మిలుషె పిన్ని చేస్తుంది. బడి వంటగదిలో ఆమెది ముప్ఫయ్యేళ్ల చెయ్యి, కొంచెం చేయడం ఆమెకు రాదు. "కడుపు నిండితే వాళ్ల మనసు మెత్తబడుతుందే" అంటుంది. జనవరిలో ఒక బకెట్టు, జూన్‌లో ఒక బకెట్టు. జనవరిలో వ్లాస్తాకు ఫెర్నుల మీద ప్రశ్న వచ్చింది, ముందు కూర్చోబెట్టి ఆలోచించుకోమనే బల్ల ఒకటి ఉంటుంది, దాన్ని మేమందరం చెమటబల్ల అంటాం, అక్కడ కూర్చుని రెండు కాగితాలు నిండా రాసుకుంది, లేచి వాళ్ల ముందుకు వెళ్లింది, అంతే. మాట రాలేదు. ఒక్క మాట కూడా. పరీక్ష సంఘం అధ్యక్షుడు చెడ్డవాడేం కాదు. "తొందరేం లేదమ్మా" అన్నాడు, ఆమెకు ఇబ్బందిగా ఉండకూడదని ఇంకో రొట్టెముక్క తీసుకున్నాడు. "ఆ నిశ్శబ్దంలో ఆయన దోసకాయ నమిలే చప్పుడొక్కటే వినపడిందే" అని తరవాత చెప్పింది వ్లాస్తా, నవ్వుతూనే చెప్పింది, నేను కూడా నవ్వాను, ఇద్దరం ట్రాము స్టాపు దాకా నవ్వుకుంటూ వెళ్లాం, ట్రాము ఎక్కాక ఆమె నవ్వు ఏడుపైంది. జూన్‌లో మా ఇద్దరికీ ఒకే రోజు. నేను కుళాయి తిప్పినట్టు మాట్లాడాను. ఆమె మళ్లీ నోరు విప్పలేదు. నడవాలో మా అమ్మానాన్నలు పూలగుత్తితో నిలబడి ఉన్నారు, నాన్న చావులకు వేసుకునే నల్లసూటు వేసుకొచ్చాడు, అమ్మ ఏం చేయాలో తోచక నా పూలలో సగం తీసి వ్లాస్తా చేతిలో పెట్టింది, మిలుషె పిన్ని ఖాళీ బకెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. పరీక్షాధికారులు ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. రేపు మూడోసారి. నాలుగోసారి అంటూ ఉండదు. రేపు పొద్దున ఆ గదిలోకి వెళ్లకపోతే అయిదేళ్ల చదువు అక్కడితో ముగిసిపోతుంది, ఆ తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు.

వాన సన్నబడింది. లేదు, గాలి మళ్లింది, అంతే. పట్టాల మధ్య రాళ్లు కడిగినట్టు నల్లగా ఉన్నాయి. ఇంట్లో ఈ పాటికి అమ్మ ప్లమ్ పళ్ల కుడుములు ఉడికిస్తూ ఉంటుంది, ఆదివారం కదా, పైన జున్ను కోరి, చక్కెర చల్లుతుంది, నాన్న తిన్నవాటి గింజలు పళ్లెం పక్కన లెక్కపెట్టి "ఇవాళ నేనే గెలిచా" అంటాడు. వీధి గుమ్మానికి నా పేరుతో ఇత్తడి పలక ఉంటుంది. జూన్‌లో నేను పట్టా తీసుకున్న వారంలోనే నాన్న వెళ్లి చెక్కించుకొచ్చాడు, గంట మీట పక్కన, హెడ్వికా అని నా పేరు, దాని ముందు పట్టా అక్షరాలు మూడు. "నేను ఈ ఇంట్లో ఉండటం లేదు కదా నాన్నా" అంటే, "పోస్టు మనిషికి తెలియద్దూ?" అన్నాడు. పోస్టు మనిషి మా మేనమామ. నన్ను ఉయ్యాల్లో ఊపినవాడు, ఇప్పుడు వీధిలో కనపడితే టోపీ ఎత్తి, "పట్టాగారికి దణ్ణాలు, తమరు కోళ్లకి గింజలు వేస్తారా లేక మనిషిని పెట్టారా?" అంటాడు. నవ్వులాటే. కానీ మా నాన్న రోజూ అడవినుంచి వచ్చి లోపలికి వచ్చేముందు ఆ పలకను చొక్కా చేతితో ఒకసారి తుడుస్తాడని అమ్మ చెప్పింది, అది నవ్వులాట కాదు. వ్లాస్తాకూ అలాంటి పలక ఉంది. నిన్న రాత్రి వరకూ నాకు తెలియదు. గడ్డివాములో, ఎవరో రైతు పడుకోనిచ్చిన చోట, చెప్పింది. జనవరిలోనే, మొదటి పరీక్షకు ముందే, మిలుషె పిన్ని చెక్కించి పెట్టిందట, బల్లగుడ్డల సొరుగులో, పండక్కి పరిచే గుడ్డ మడతలో. గుడ్డ కోసం తీస్తే దొరికిందట. "హెడా, ఆయన 'చెప్పమ్మా' అనగానే నాకు ఫెర్ను గుర్తుకు రాదే. ఆ పలక కనిపిస్తుంది. దాని మీద నా పేరు ముందు ఆ మూడక్షరాలు. అప్పుడింక నోట్లో నాలుక ఉందో లేదో కూడా తెలీదు." గడ్డిలో ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాను, ఆమె నిద్రపోయింది, నేను పోలేదు.

ఈ నడక నా ఆలోచనే. సెప్టెంబరు పరీక్షకు ముందు వీపున సంచులు వేసుకుని ప్రాగ్‌నుంచి మెల్లగా తూర్పుకు నడుద్దాం, కొంత రైలు, కొంత కాలు, రోజుకో ఊరు, రాత్రికో పాఠం అన్నాను. పుస్తకాలు నా సంచిలో, గుడారం ఆమె సంచిలో. ప్రాగ్‌లో మా అక్క గదిలో నేల మీద పడుకున్నాం, టాబోర్‌లో సందులన్నీ తిరిగితిరిగి మళ్లీ అదే రొట్టెల కొట్టు ముందుకు వచ్చాం, మూడోసారికి ఆ కొట్టావిడ "నాకోసమే వస్తున్నారా పిల్లలూ, ఇంట్లో చెప్పి వచ్చారా?" అని రెండు గసగసాల రొట్టెలు ఊరికే ఇచ్చింది. ఒక చిన్న ఊళ్లో బడి వ్యాయామశాలలో పడుకోనిచ్చారు, చాపలు రబ్బరు వాసన, తాళ్లు పైనుంచి వేలాడుతూ, చీకట్లో వ్లాస్తా తాడు పట్టుకుని ఊగింది, ఇరవై నాలుగేళ్ల మనిషి. ఇంకో ఊళ్లో బీరు కొట్టులో గ్లాసు మీద అట్టముక్క పెట్టడం మరిచిపోయి మాటల్లో పడ్డాం, చాలన్నట్టు అట్ట పెట్టేదాకా బీరు వస్తూనే ఉంటుంది కదా, కొట్టతను కిమ్మనకుండా గ్లాసు తీసి గ్లాసు పెడుతూ పోయాడు, ఆ రాత్రి పాఠం జరగలేదు. పాఠాలు చాలా రాత్రులు జరగలేదు, నిజం చెప్పాలంటే. నేను పుస్తకం తీసి ప్రశ్న అడగ్గానే ఆమె మెడ దగ్గర ఒక నరం కదిలేది, మాట ఆగిపోయేది. అదే మనిషి పగలంతా నోరు మూసేది కాదు. ఊళ్లో ఒకరినొకరు పలకరించుకోం మేం, లిఫ్టులో కూడా గోడ చూస్తూ నిలబడతాం, అడవిలో అడుగుపెట్టామంటే మాత్రం ఎదురొచ్చే ప్రతివాళ్లకూ నమస్కారం చెప్పాల్సిందే, అదేమిటో, చెట్ల కింద అందరం చుట్టాలమే. వ్లాస్తా నమస్కారంతో ఆగేది కాదు. పుట్టగొడుగులు ఏరుకునే మొగుడూ పెళ్లాలను ఒకరోజు బండరాయి ముందు నిలబెట్టి, దాని మీది నాచు గురించి, అది వేళ్లు లేకుండా ఎలా బతుకుతుందో, ఎండిపోయి చచ్చినట్టుండి ఒక్క వానకు ఎలా లేస్తుందో, వేలితో తడి అద్దుతూ చెబుతూనే ఉంది. వాళ్ల బుట్టలో పుట్టగొడుగులు వాడిపోతున్నాయి, వాళ్లు కదల్లేదు. ఆ పెద్దాయన చివరికి టోపీ తీసి, "పంతులమ్మగారూ, నేను ఈ రాయి మీద అరవయ్యేళ్లుగా కూర్చుంటున్నా, ఇకనుంచి అడిగి కూర్చుంటా" అన్నాడు. ఆ క్షణంలో నాకు ధైర్యం వచ్చింది. పరీక్ష అంటే ఇదే కదా, ఇంతే కదా, ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పడం.

అందుకే పొద్దున అలా మాట్లాడాను. గడ్డి దులుపుకుంటూ, "నేను రాకపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"రాకపోవడం ఏమిటి?"

"మా అమ్మ బకెట్టుతో నిలబడుతుంది. నేను మళ్లీ నోరు తెరవకపోతే? ఆ బకెట్టు పట్టుకుని మళ్లీ బస్సెక్కి వెళ్లాలి కదే ఆమె."

"తెరుస్తావు."

"జాతకం చూశావా?"

"చూడక్కర్లేదు. ప్రాగ్‌నుంచి నీ వాగుడు వింటున్నా. చెవులు తూట్లు పడ్డాయి."

"చెట్ల మధ్య వేరే."

"అయితే వాళ్లను చెట్లనుకో."

"చెట్లు నన్ను ప్రశ్నలు అడగవే హెడా," అంది. మెల్లగా అంది. సంచి తగిలించుకుంది. "నువ్వు ఎర్రదారిన పో. నేను పసుపుదారిన కొండ మీదుగా వస్తా. కాసేపు ఒక్కదాన్నే నడవనీ. ఓల్షీన్కాలో కలుద్దాం."

"వస్తావుగా?"

"ఆఁ," అంది.

ఈ గంటలో ఆ "ఆఁ"ను ఎన్ని రకాలుగా విన్నానో. వస్తాననే "ఆఁ", సరేలే పోవే అనే "ఆఁ", విన్నానులే అనే "ఆఁ". వెంట వెళ్లవలసింది. వెళితే విసుక్కునేది. జాబితా చూపించకుండా ఉండవలసింది. చూపించకపోయినా నా ముఖం మీద ఉంటుంది జాబితా, మా అమ్మే అంటుంది, నువ్వు కళ్లు తెరిస్తే చాలు నాకు చేయవలసిన పనులు గుర్తొస్తాయే అని. ఇప్పుడు అడవిలోకి వెళ్లి వెతికితే? అరిస్తే? అరిచాను, రెండుసార్లు, వాన నా గొంతును గుడిసె దాటనివ్వలేదు. పలకలు దిగి నాలుగు అడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాను. నేను లోపలికి వెళ్లినప్పుడు రైలొస్తే ఆగదు, ఆమె ఇంకో దారిన వచ్చినా ఎక్కడానికి రైలుండదు. దీని తరవాత రైలు రేపు పొద్దున, అది బ్ర్నో చేరేసరికి బల్ల మీది పళ్లేలు కూడా ఖాళీ అయి ఉంటాయి. కాబట్టి నిలబడటమే. బూట్లలో నీళ్లు. మెడ వెనకనుంచి ఒక చల్లని చుక్క వెన్ను మీదుగా దిగుతూ దిగుతూ ఎక్కడో ఆగిపోయింది. ఒక లేడి పట్టాల మీదికి వచ్చి నన్ను చూసి ఆలోచించి వెళ్లిపోయింది. దారి తప్పి ఉండాలి, తెల్లచెట్ల దగ్గర. తప్పకపోతే? తప్పకుండా ఎక్కడో కూర్చుని ఉంటే, అది ఆమె ఇష్టం కదా, ఆమె నోరు, ఆమె పేరు, ఆమె పలక. నేను ఎవర్ని? స్నేహితురాలిని. స్నేహితురాలు చేయవలసిన పనులకు జాబితా ఎవరూ రాసిపెట్టలేదు. రైలు ఆపడం నా చేతిలో ఉంది, అది చేస్తాను. ఎక్కడం ఆమె చేతిలో ఉంది.

ముందు పట్టాలు పాడాయి. తరవాత మలుపులో ఎర్రటి ఒంటిపెట్టె రైలు, తడిసిన దీపం, ఉదయంనుంచి ఆవలిస్తున్నట్టు వస్తోంది. చెయ్యి ఎత్తాను. మోచేతినుంచి నీళ్లు చంకలోకి కారాయి, దించలేదు. నెమ్మదించింది, మూలిగింది, ఆగింది. తలుపు తెరుచుకుని, చంకలో తోలుసంచి, తల మీద ప్లాస్టిక్ టోపీతో బొద్దుగా ఉన్న కండక్టరమ్మ ఒక మెట్టు దిగింది.

"ఎక్కమ్మా, వాన లోపలికి కొడుతోంది."

"ఒక్క నిమిషం ఆగుతారా అండీ? నా స్నేహితురాలు రావాలి."

"ఎక్కడుంది?"

"తెలియదండీ. అడవిలో."

"అడవిలో ఎక్కడా?"

"తెలియదండీ," అన్నాను మళ్లీ, అప్పటిదాకా రాని ఏడుపు ఆ "అండీ" దగ్గర వచ్చింది. "రేపు ఆమెకు ఫైనల్ పరీక్ష. ఆఖరిసారి. ఈ రైలు పోతే ఇంక లేదు. వాళ్లమ్మ సలాడు తీసుకుని బ్ర్నో వస్తోంది."

సలాడు మాట వినగానే ఆవిడ ముఖం మారింది. "బకెట్టుతోనా?" అంది.

"బకెట్టుతోనే అండీ."

ఆవిడ రైలు ముందువైపు తిరిగి, ఆ ఒంట్లోంచి అంత గొంతు వస్తుందనుకోలేదు, "లుబోష్! ఒరేయ్ లుబోష్! హారన్ కొట్టు!" అని అరిచింది.

డ్రైవరు కనపడలేదు. కిటికీలోంచి మోచెయ్యి మాత్రం కనపడింది, చొక్కా చెయ్యి మడిచి ఉంది. "ఇక్కడ కొట్టకూడదక్కా. పైవాళ్లకు ఫిర్యాదు చేస్తారు," అంది ఆ మోచెయ్యి.

"ఎవరు చేస్తార్రా? దురదగొండి చేస్తుందా? కొట్టు! పిల్ల అడవిలో ఉంది, రేపు పరీక్ష."

"ఏం పరీక్ష?"

"నీకు రాని పరీక్ష. కొట్టరా!"

కొట్టాడు. మామూలు కూత కాదు, ఊపిరి ఉన్నంతసేపు ఊదినట్టు పొడుగ్గా. కొండ దాన్ని తీసుకుని వెనక్కి ఇచ్చింది. దురదగొండిలోంచి పిట్టలు లేచాయి. పెట్టెలోంచి పుట్టగొడుగుల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలాయన కిటికీ దించి తల బయటపెట్టి, "ఏమైంది? ఆవు పడుకుందా పట్టాల మీద?" అన్నాడు. "కాదు తాతా, పరీక్ష," అంది కండక్టరమ్మ. ఆయన అర్థమైనట్టే తల ఊపి, "అయితే ఇంకోటి కొట్టించు, అడవిలో మొదటి చప్పుడు ఎటునుంచో తెలీదు," అన్నాడు. రెండో కూత. అది ఆగాక వాన చప్పుడు. కండక్టరమ్మ గడియారం చూసుకుంది, చూడనట్టు చెయ్యి దించింది. నా సంచిలో ఫోను మళ్లీ మోగుతోంది, వీపుకు వెచ్చగా, పిన్నీ పిన్నీ ఆగు. "అమ్మాయ్," అంది ఆవిడ, గొంతు తగ్గించి, "ముందు స్టేషనులో ఎదురు రైలు మా కోసం కాచుకుని ఉంటుంది తల్లీ." తెలుసన్నట్టు తల ఊపాను. నేను ఎక్కాలా? ఎక్కితే బ్ర్నోలో పిన్నికి చెప్పడానికి మనిషుంటుంది. ఉండిపోతే ఇక్కడ వ్లాస్తాకు మనిషుంటుంది. నా కాలు మెట్టు మీద లేదు, నేల మీద కూడా ఉన్నట్టు లేదు. అప్పుడు, ఎవరూ అడగలేదు, కండక్టరమ్మ నోరు విప్పలేదు, ఆ మోచెయ్యి లోపలికి వెళ్లింది, మూడో కూత వచ్చింది. ముందు రెండింటికంటే పొడుగ్గా, మధ్యలో ఒకసారి తెగి, మళ్లీ అందుకుని.

చెట్లలోంచి వ్లాస్తా వచ్చింది. ముందు నడుస్తూ, తరవాత పరుగెడుతూ, సంచి వీపు మీద ఎగురుతూ. నేను అనుకున్న రెండు దారుల్లోనూ కాదు, నేరుగా కొండవాలు దిగి, దురదగొండి తొక్కుకుంటూ. ముసలాయన చప్పట్లు కొట్టాడు. కండక్టరమ్మ ఆమెను జబ్బ పట్టి లోపలికి లాగి, నన్ను వెనకనుంచి తోసి, "పోనీ లుబోష్!" అంది, రైలు కదిలింది. వ్లాస్తా నాకు ముందుగా నడిచి వెళ్లి సీటు దగ్గర సంచి దించుకుంటుంటే చూశాను, పంట్లాం వెనక గుండ్రంగా పచ్చటి తడి మరక. నాచు మరక. చాలాసేపు కూర్చున్న మరక.

"దారి తప్పలేదు కదూ?" అన్నాను.

"లేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ వాలు మీదే ఉన్నా. గంటనుంచి. నువ్వు కనపడుతూనే ఉన్నావు, ఆ పచ్చ రెయిన్‌కోటులో. ఎంత వాన పడుతోందే, గుడిసెలోకి ఎందుకు పోలేదు?"

"పోతే రైలు ఆగదు."

"అదే చూస్తూ కూర్చున్నా. ఇది లోపలికి పోతే నేనూ లేవక్కర్లేదు అనుకున్నా. పోవేం! మొండిపీనుగా." ముక్కు తుడుచుకుంది. "అయినా లేవలేదు. నువ్వు చెయ్యెత్తినా లేవలేదు. మొదటి కూత అయింది, అదేదో మామూలే అనుకున్నా. రెండోది విన్నా. మూడోది వినగానే తెలిసింది, నన్నే. హెడా, నన్ను పేరు పెట్టి ఎవరు పిలిచినా తరవాత ఏదో ఒకటి అడుగుతారే. ఇది ఏమీ అడగలేదు. ఊరికే రమ్మంది."

నేను ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాను. నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుని, కిటికీలోంచి వెనక్కి పోతున్న అడవిని చూస్తూ, "అమ్మా, ఎక్కాం," అంది. అవతల ఏదో చాలాసేపు వినపడింది. "అమ్మా, ఒకటి చెప్తా విను. సొరుగులో పలక చూశా. పండగ గుడ్డలో... ఏడవకు. ఏడవకే. తిడుతున్నానా నిన్ను? చూశానని చెప్తున్నా, అంతే. రేపు ఏమైనా సరే ఆ పలక సొరుగులో వద్దు, నాకు ఇచ్చేయ్, నా దగ్గర ఉంచుకుంటా. ఆఁ. ఆఁ. సలాడులో దోసకాయ తక్కువేశావా? ఆయన నమిలితే చప్పుడు వస్తుంది." ఎదురు సీట్లోంచి ముసలాయన బుట్ట ఆమె వైపు జరిపి, ఫోను పెట్టేసేదాకా మర్యాదగా ఆగి, ఒక పుట్టగొడుగు కాడకు అంటుకున్న పచ్చటి పోగును వేలితో చూపించాడు, ఇదేమిటమ్మా అన్నాడు. వ్లాస్తా మెడ దగ్గర నరం కదిలింది. నేను చూశాను. ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. ముందు పేరు చెప్పింది, తరవాత అది రాయి మీద కాకుండా కాడ మీద ఎందుకు ఉందో చెప్పడం మొదలుపెట్టింది, మాట ఒకచోట తడబడింది, మళ్లీ దొరికింది, కండక్టరమ్మ టిక్కెట్లు అడగడం మానేసి సీటు చెయ్యి మీద ఆనుకుని వింటోంది.

రేపు ఆ గదిలో ఏం జరుగుతుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను. ఎదురు రైలు కాచుకున్న స్టేషనులో ఆగినప్పుడు ముందుకు వెళ్లి డ్రైవరుకు థాంక్స్ చెప్పాలనుకున్నాను, అతని పెట్టె తలుపు మూసి ఉంది, బ్ర్నో రైలు మారే జంక్షనులో దిగి పరుగెత్తి వెళ్లేసరికి అతను అవతలి చివరికి వెళ్లిపోయాడు, అదే రైలును వెనక్కి తీసుకుపోవడానికి. ముఖం చూడలేదు. ఇంటిపేరు తెలియదు. కొట్టకూడని చోట, రెండుసార్లు ఒకరు చెబితే కొట్టి, మూడోసారి ఎవరూ చెప్పకుండా కొట్టిన మనిషి. ఇది చదివిన మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా, వానలో దూరంగా రైలు కూత విన్నప్పుడు, అతన్ని ఒక్కసారి తలుచుకోండి. అతని పేరు లుబోష్.